మామిడి జల్లు పడ్డ మర్నాడు గ్లైడర్ ఎక్కాం

రెండేళ్ళ కిందట ఒక ఉదయం పళ్ళు తోముకుంటుంటే బాత్రూం గోడ ఎడమవైపుకి జారడం మొదలుపెట్టింది. కూలబడ్డాను. మా ఆవిడ మాధవి వచ్చి లేపేసరికి ఇల్లంతా గిరగిరా తిరుగుతోంది. చెవి లోపల, మనిషి నిలకడగా నిలబడడానికి అవసరమైన నరం వాచిందని డాక్టరు చెప్పారు. ప్రాణానికి భయం లేదు గానీ తగ్గడానికి టైం పడుతుందన్నారు. ఆ టైం ఏడాదిన్నర అవుతుందని అప్పుడు తెలియదు. వైట్‌ఫీల్డ్ ఆఫీసుకి వెళ్ళడం మానేసి, హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో మా నాలుగో అంతస్తు ఫ్లాట్ నుంచే పనిచేశాను. స్కూటర్ అమ్మేశాం. మెట్లు దిగాలన్నా, రోడ్డు దాటాలన్నా మాధవి నా మోచెయ్యి పట్టుకోవాల్సిందే.

ఆ రోజుల్లో మీటింగుకీ మీటింగుకీ మధ్య బాల్కనీలో పడక్కుర్చీ వేసుకుని, మెడకింద దిండు పెట్టుకుని గద్దల్ని చూసేవాణ్ణి. పదకొండు దాటాక ఎక్కణ్ణుంచో వచ్చేవి. రెక్క ఆడించకుండా గుండ్రంగా తిరుగుతూ, చూస్తుండగానే చుక్కల్లా అయిపోయేవి. వారానికి రెండుసార్లు నాకు తల, కళ్ళు, నడక సరిచేసే కసరత్తులు చేయించిన ఫిజియోథెరపిస్టు నఫీసా గారిని ఒకరోజు అడిగాను, "వాటికి కళ్ళు తిరగవా అండీ?" అని. ఆవిడది కడప. పెద్దగా నవ్వి, "గద్దల సంగతి నాకు తెలీదు. మా యూసుఫ్ మామకైతే తిరగవు. హోసూరు అవతల గ్లైడర్లు నడుపుతాడు. ఇంజిన్ ఉండదు వాటికి. పొద్దంతా ఆ గద్దల మాదిరే తిరుగుతుంటాడు" అంది. చివరి సెషన్ అయిపోయిన రోజు ఆవిడే నాకు ఆ మామగారి నంబరు ఇచ్చింది. "ఇంక నా దగ్గరికి రానక్కర్లేదు. అక్కడికి పోయి రండి. చెవి డాక్టరు కాగితం మాత్రం మర్చిపోవద్దు."

కాగితం తీసుకోవడానికి మూడు వారాలు పట్టింది. చెవి డాక్టరు రెండు పరీక్షలు చేసి, తల అన్ని దిక్కులకీ తిప్పించి చూసి, సంతకం పెట్టారు. మాధవిని ఒప్పించడానికి మాత్రం ఇంకా ఎక్కువ రోజులే పట్టింది. చివరికి "నేను కూడా వస్తాను. కిందనే ఉంటాను. బ్యాగ్ పట్టుకుంటాను" అంది. ఒప్పుకున్నట్టే లెక్క.

మీలో ఎవరైనా వెళ్ళాలనుకుంటే ముందు సీజను సంగతి తెలుసుకోండి. మన వైపు గ్లైడర్లకి మంచి కాలం ఫిబ్రవరి చివర మొదలై ఏప్రిల్ చివరిదాకా ఉంటుంది. అప్పుడు ఎండ బాగా కాస్తుంది, గాలి పెద్దగా వీయదు, నేల ఎండి ఉంటుంది. ఎండకి కాలిన నేల తన మీది గాలిని వేడెక్కిస్తుంది, ఆ వేడిగాలి స్తంభంలా పైకి లేస్తుంది. దాన్నే థర్మల్ అంటారు. గ్లైడర్ దానిలో దూరి, బయటపడకుండా గుండ్రంగా తిరుగుతూ పైకి పోతుంది. జూన్ వచ్చిందంటే గాలి జోరు ఎక్కువ, మబ్బు కమ్మేస్తుంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఉండే చిక్కల్లా సాయంత్రాలు హఠాత్తుగా పడే మామిడి జల్లులు. మేం వెళ్ళాల్సిన శనివారానికి ముందు, శుక్రవారం సాయంత్రం, సరిగ్గా అదే పడింది. కిటికీ దగ్గర నిలబడి యూసుఫ్ గారికి ఫోన్ చేశాను.

"రాండి నాయనా, వద్దనేది లేదు" అన్నారాయన. అనంతపురం యాస. "కాకపోతే కూచుని కాసుకోవాల. నేల తడిసింది. ఎండ ముందు ఆ తడి ఆర్పుకోవాల, ఆ తర్వాతే మనల్ని ఎత్తేది. రేపు పదకొండుకు ముందర ఏమీ జరగదు."

అయినా పొద్దున్నే బయల్దేరాం. హోసూరు రోడ్డు సంగతి బెంగళూరులో ఉన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. రోజంతటికీ మాట్లాడుకున్న టాక్సీ ఆరుంపావుకి వచ్చింది. వెయిటింగుతో సహా మూడువేల ఎనిమిదొందలు. డ్రైవరు మునిరాజు, యాభై దాటిన మనిషి. వాళ్ళ తాతల కాలం నుంచీ ఆనేకల్ దగ్గర పూలతోటలు. బెంగళూరు పాత తెలుగు మాట్లాడతాడు. ఎలక్ట్రానిక్ సిటీ ఫ్లైఓవర్ దిగి, ఏడింటికి చందాపురలో టిఫినుకి ఆగాం. షిఫ్టు దిగి వచ్చిన ఫ్యాక్టరీ వాళ్ళతో హోటల్ నిండి ఉంది. మాధవి నా ప్లేటులోంచి ఒక ఇడ్లీ తీసేసింది.

"పైకి వెళ్ళేవాళ్ళు తక్కువ తినాలి" అంది.

మునిరాజు ఆకాశం వైపు చూశాడు. తెల్లటి పొగమంచు పొర ఒకటి పరుచుకుని ఉంది. "రాత్రి వాన గట్టిగానే పడినాది సార్. ఈ మంచు పోవాలంటే బాగా బిసిలు ఎక్కాల. మా చామంతి తోటలో కూడా ఇట్లే, వాన పడిన మర్నాడు మధ్యానం దాకా కోత కోసేదానికి కాదు, ఆకంతా తడిగా ఉండాది." బిసిలు అంటే కన్నడంలో ఎండ. మాట్లాడేటప్పుడు ఏది తెలుగో ఏది కన్నడమో ఆయనకి పట్టింపు లేదు.

అత్తిబెలె టోల్ దాటి, హోసూరు ఊళ్ళోకి పోకుండా పక్కనుంచి తిరిగి, రాయకోట వైపు వెళ్ళే రోడ్డు పట్టుకున్నాం. గులాబీలు పెంచే తెల్లటి ప్లాస్టిక్ షెడ్లు, ఇటుక బట్టీలు, అక్కడక్కడా ఏనుగు పడుకున్నట్టు నల్లరాతి గుట్టలు. ఎనిమిదిన్నరకి మట్టిదారి చివర ఒక పొడవాటి గడ్డి మైదానం దగ్గర ఆగాం. ఒక రేకుల షెడ్డు, స్తంభానికి గాలి ఎటు వీస్తోందో చూపే ఎర్రతెలుపు చారల గాలిసంచి, పక్కనే రెండు తెల్లటి గ్లైడర్లు ఒక రెక్క నేలకి ఆనించి వాలి ఉన్నాయి. గ్లైడర్ మీద పిచ్చి ఉన్న కొందరు రిటైరైన స్నేహితులు కలిసి నడుపుకుంటున్న చోటు అది. బోర్డు కూడా లేదు.

యూసుఫ్ గారు అరవయ్యారేళ్ళ మనిషి. బక్కపల్చగా, ఎండకి నల్లబడి, తలకి గుడ్డ టోపీ. ఉద్యోగమంతా విమానాలు నడపడం నేర్పించారట. టీ ఇచ్చాక కాగితం అడిగారు. మొత్తం చదివారు. తర్వాత నన్ను కాదు, మాధవిని అడిగారు.

"అమ్మా, ఇంట్లో ఎట్ల ఉండాడు? నిజం చెప్పు."

"ఆరు నెలలుగా బాగానే ఉన్నారండీ. మొన్న ఒక్కరే వెళ్ళి కూరగాయలు తెచ్చారు."

"సరే." నా వైపు తిరిగారు. "నువ్వు ముందు సీట్లో, నేను వెనక. రెండు చోట్లా కంట్రోళ్ళు ఉంటాయి. నీకు ఇబ్బందిగా ఉంటే 'చాలు' అని ఒక్క మాట. సిగ్గుపడొద్దు, ఇంకొంచెం చూద్దామని పళ్ళు బిగబట్టొద్దు. నువ్వు ఆ మాట అంటే నేను ఎందుకని అడగను. సరేనా?"

సరేనన్నాను. ఆ మాటతో నా భుజాల మీంచి ఏదో బరువు దిగింది. ఏడాదిన్నర పాటు అందరూ ఎలా ఉందని, ఎందుకు తిరుగుతోందని అడిగినవాళ్ళే. అడగను అన్న మనిషి ఆయనొక్కడే.

ఆ తర్వాత మూడున్నర గంటలు కూర్చున్నాం. గ్లైడర్ ప్రయాణంలో ఎక్కువ భాగం ఇదే, ముందే మానసికంగా సిద్ధపడి వెళ్ళండి. పదిన్నరకి యూసుఫ్ గారి స్నేహితుడొకాయన గాలిని పరీక్షించడానికని ఒంటరిగా ఎగిరి, ఆరు నిమిషాల్లో దిగిపోయారు. "పైన ఏమీ లేదు. పాలమీద మీగడ కట్టినట్టుంది" అన్నారు. యూసుఫ్ గారు నాకు విడమరిచి చెప్పారు. రాత్రి చల్లబడిన గాలి కింద ఉండిపోతుంది, దాని మీద వెచ్చటి గాలి మూతలా కూర్చుంటుంది. కింద ఎండ ఎంత కాసినా ఆ మూత బద్దలయ్యేదాకా థర్మల్ రెండు మూడొందల అడుగుల్లోనే ఆగిపోతుంది. నేల తడిగా ఉంటే అది ఇంకా ఆలస్యం. పొగమంచు పొర పైఅంచు గీత గీసినట్టు కనిపిస్తుంటే మూత అలాగే ఉందని గుర్తు. ఆ గీత చెరిగిపోతే మనకి దారి దొరికినట్టు.

పదకొండున్నర అయింది. గీత అలాగే ఉంది. మాధవి నా పక్కన కుర్చీ లాక్కుని, "ఇవాళ్టికి కాదేమో. ఇంటికెళ్ళిపోదామా?" అంది. ఆ గొంతులో ఆశ దాచుకోలేకపోయింది. షెడ్డులో వంట చేసే పాపమ్మ పెద్ద గిన్నెలో రాగిపిండి కెలుకుతూ, యూసుఫ్ గారి వైపు చూపించి, "ఆయప్ప ఇంకా లేవలేదు కదమ్మా కుర్చీలోంచి. ఆయప్ప లేస్తే అప్పుడు గాలి లేసినట్టు" అంది. అని నా వైపు చూసి, "నీకు ఇప్పుడు ముద్ద పెట్టను. తిని ఎక్కితే అంతా ఆ గాజు మూతలో కక్కుతావు, కడిగేది నేను" అంది.

పన్నెండు దాటి అయిదు నిమిషాలకి మైదానం తూర్పు చివర, ఇటుక బట్టీ పక్కన, దుమ్ము తాడులా మెలితిరిగి లేచింది. ఎండుటాకులు, ఒక నీలం ప్లాస్టిక్ సంచి దానితోపాటు గిరికీలు కొడుతూ తాటిచెట్టు ఎత్తు దాటిపోయాయి. ఒక గద్ద ఎక్కణ్ణుంచో వచ్చి దాని మీద తిరగడం మొదలుపెట్టింది. పొగమంచు గీత కరిగిపోయింది. దక్షిణాన దూదిపింజంత మబ్బు ఒకటి పుట్టింది. యూసుఫ్ గారు కుర్చీలోంచి లేచారు.

పన్నెండుంపావుకి నన్ను ముందు సీట్లో పట్టీలతో బిగించి, తల మీదికి గాజు మూత దించారు. ముక్కుకి ఎదురుగా, గాజు మీద, ఎర్ర ఉన్నిదారం ముక్క ఒకటి అంటించి ఉంది. అది నిటారుగా ఉంటే విమానం సరిగ్గా పోతోందని అర్థమట. ఎడమవైపు చూస్తే మాధవి బ్యాగును రెండు చేతులతో పొట్టకి అదుముకుని నిలబడి ఉంది. మైదానం అవతలి చివర లారీ ఇంజిన్‌తో తిరిగే పెద్ద చక్రం ఉంటుంది, దానికి చుట్టిన ఇనుప తాడు కిలోమీటరు పొడవు. దాని రెండో కొసని గ్లైడర్ కింద కొక్కేనికి తగిలించారు. దాన్ని నడిపే సెల్వం రేడియోలో తమిళంలో ఏదో అన్నాడు. తాడు బిగిసింది. రెండు గెంతులు, అంతే, వీపు మీద ఎవరో చెయ్యి పెట్టి తోసినట్టు నేల వదిలేశాం. ముక్కు ఆకాశంలోకి లేచింది. నా కళ్ళకి నీలం తప్ప ఏమీ లేదు. అర నిమిషం తర్వాత "వదిలేస్తాండా" అన్నారు యూసుఫ్ గారు. టక్కుమని తాడు ఊడింది. ముక్కు దిగింది. ఆ తర్వాత ఎంత నిశ్శబ్దమంటే, ఆయన వెనక చొక్కా సర్దుకున్న చప్పుడు వినిపించింది.

పన్నెండొందల అడుగులు. ఇటుక బట్టీ వైపు పోతుండగా కుడి రెక్కని కింద నుంచి ఎవరో తట్టినట్టయింది. పైకి పోతుంటే కూతపెట్టే చిన్న మీటరు ఒకటి ఉంది, అది కుయ్ కుయ్ మంది. "దొరికింది. తిప్పుతాండా" అన్నారాయన. రెక్క ఏటవాలుగా వాలింది. నేల పక్కకి వచ్చి నిలబడింది. ఇటుకలు, రోడ్డు, చెరువు, మళ్ళీ ఇటుకలు. రెండో చుట్టులో నా గుండె గబగబా కొట్టుకుంది. బాత్రూం గోడ గుర్తొచ్చింది.

"చాలు" అన్నాను.

మాట పూర్తికాకముందే రెక్కలు సమానమయ్యాయి. ఎందుకని అడగలేదు. థర్మల్‌లోంచి బయటపడ్డాం, కూత ఆగి, మీటరు సన్నగా మూలగడం మొదలుపెట్టింది. దిగిపోతున్నాం. "దిగుదామా?" అని మాత్రం అడిగారు, అన్నం పెట్టమంటావా అన్నంత మామూలుగా.

నఫీసా గారు నేర్పించిన పని చేశాను. దూరంగా ఉన్న ఒక రాతిగుట్ట మీద చూపు నిలిపి పది లెక్కపెట్టాను. చెవి దెబ్బతింటే గుట్ట పక్కకి జారాలి. భయమైతే గుండె మాత్రమే కొట్టుకోవాలి, గుట్ట కదలకూడదు. గుట్ట కదల్లేదు. తల కుడికి తిప్పి చూశాను, ఎడమకి తిప్పి చూశాను. ఉన్నచోటే ఉంది. ఎంతో కాలంగా నేను జబ్బు అనుకుంటున్నదానిలో సగం అప్పటికే భయంగా మారిపోయిందని, రెండూ లోపల ఒక్కలాగే ఉంటాయని, అక్కడ, ఎనిమిదొందల అడుగుల ఎత్తులో, తెలిసింది.

"యూసుఫ్ గారూ, నాకు బాగానే ఉంది. ఇంకోసారి తిప్పుతారా?"

"తిప్పుతా గానీ, ఎత్తు లేదప్పా. ఆరొందలకి వస్తే ఏమైనా సరే దిగే దారి పట్టాల్సిందే. ఒక్క ప్రయత్నం. ఆ నీలగిరి చెట్ల అవతల చూడు, ఏం కనిపిస్తాది?"

చెట్ల అవతల ఒక నల్లటి రాతి పరుపు. దాని మీద రెండు గద్దలు, మా కన్నా కొంచెం కింద, తిరుగుతున్నాయి. "వాటి దగ్గరికి పోదాం. వాన తడి మట్టిలో ఉంటాది గానీ బండలో ఉండదు. ఈ రోజు అదే ముందు కాలేది" అన్నారు. ఏడొందలు. ఆరొందల యాభై. ఈసారి నా భయమల్లా ఇక్కడితో ఆగిపోతుందేమోనని.

బండ మీదికి రాగానే సీటు నన్ను పైకి నెట్టింది. కూత. రెక్క వాలింది. ఒక గద్ద మా రెక్క చివర నుంచి ఇరవై గజాల దూరంలో, మాతోపాటే, అదే వైపు తిరుగుతోంది. తల పక్కకి వంచి మమ్మల్ని ఒకసారి చూసి, పట్టించుకోవడం మానేసింది. ఎనిమిదొందలు, పదిహేనొందలు, రెండువేలు. చుట్టు మీద చుట్టు. ఎన్ని తిరిగామో లెక్కపెట్టలేదు. నాలుగువేల మూడొందల దగ్గర మబ్బు అడుగు మాకు కప్పులా కనిపించింది, గాలి చల్లబడింది. "అయిపోయింది. మబ్బులోకి పోకూడదు" అని నేరుగా తిప్పారు. ఉత్తరాన బెంగళూరు గోధుమరంగు మసకలా, కింద గులాబీ షెడ్లు చాక్‌పీసు ముక్కల్లా, చెరువుల్లో ఎండ తళుక్కుమంటూ. చెరువు మీదికి పోగానే మీటరు మళ్ళీ మూలిగింది. నీళ్ళు నేలలా కాలవు కదా. పంట కోసిన చేను మీద కొంచెం లేపింది, పచ్చటి తోట మీద దించింది. కింద ఉన్న ప్రతి రంగుకీ పైన ఒక ఫలితం ఉంది. "చెయ్యి పెట్టు" అని నా మోకాళ్ళ మధ్య ఉన్న, విమానాన్ని తిప్పే కర్రని నాకు వదిలారు. రెండు నిమిషాలు నేనే నడిపాను. ఎర్రదారం అటూ ఇటూ కొట్టుకుంది.

పన్నెండు యాభైకి దిగాం. గాజు మూత తెరిచేసరికి మాధవి పక్కనే ఉంది. "కళ్ళు తిరిగాయా?" అని అడిగింది. లేదని తల ఊపాను. ఆమెకి చెయ్యి అందించాను, లేపమని కాదు, పట్టుకోవాలని.

యూసుఫ్ గారు పడమర వైపు చూస్తూ నిలబడ్డారు. అక్కడ మబ్బులు వెడల్పు మాని ఎత్తు పెరుగుతున్నాయి, ఒకదాని అడుగు సీసంరంగులోకి తిరిగింది. "ఇంకొక్క ఫ్లైటుకి టైం ఉండాది. ఆ తర్వాత ఈ రోజుకి మూసేయాల. అమ్మా, నువ్వు వస్తావా?"

వద్దంటుందనుకున్నాను. మాధవి బ్యాగు వైపు చూసుకుంది. "చుడీదార్‌తో ఎక్కొచ్చా అండీ?" అంది.

నేను ఆశ్చర్యంగా చూస్తే, నాతో మెల్లగా అంది. "ఏడాదిన్నర పాటు మీతో నడిచేటప్పుడు నేలే చూశాను. గుంట ఉందా, మెట్టు ఉందా, కేబుల్ వేలాడుతోందా. ఒక్కసారి తలెత్తి ఇంకేమైనా చూడాలనుంది." ఆ మాట ఆమె ఇంతవరకు నాతో అనలేదు. నాకూ తట్టలేదు. బ్యాగ్ తీసుకున్నాను.

ఒంటి గంటా అయిదుకి తాడు ఆమెని ఎత్తుకుపోయింది. బండ మీదికి చేరి తిరగడం మొదలుపెట్టారు. నేను మైదానం మధ్యలో నిలబడి, తల పూర్తిగా వెనక్కి వంచి, ఆ తెల్లటి శిలువనే చూస్తున్నాను. పైకి, ఇంకా పైకి. పది నిమిషాల తర్వాతగానీ గమనించలేదు, ఏదీ పట్టుకోకుండా నిలబడ్డానని.

ఒకటీ ఇరవైకి నా మెడ మీద చల్లటి గాలి తగిలింది. గాలిసంచి అప్పటిదాకా తూర్పు గాలికి నిండి పడమరకి తిరిగి ఉండేది. ఒక్క క్షణం కిందికి వేలాడి, ఒక్కసారిగా ఎదురుదిక్కుకి తిరిగింది. చక్రం దగ్గర్నుంచి నా పక్కకి వచ్చి ఉన్న సెల్వం రేడియో అందుకున్నాడు. పడమటి మబ్బు కింద వాన తెరలా దిగుతోంది. ఆ వాన ముందు తోసుకొచ్చే చల్లగాలి ఇది, థర్మల్స్ అన్నిటినీ ఊడ్చేస్తుందని యూసుఫ్ గారు పొద్దున్నే చెప్పి ఉన్నారు. దిగేటప్పుడు ఎదురుగాలి ఉండాలి, అంటే ఇప్పుడు మైదానం రెండో చివర నుంచి రావాలి. రేడియోలో యూసుఫ్ గారి గొంతు, "చూసినా. ముందే బయల్దేరినా. అవతల నుంచి వస్తాండా." అంతే. గ్లైడర్ అప్పటికే ముక్కు దించి మా వైపు వస్తోంది. రెక్కల మీంచి గాలికి అడ్డుపడే బ్రేకు పలకలు లేచాయి, ఎత్తు తగ్గింది, చెట్ల మీద ఒకసారి గట్టిగా కుదుపుకి లోనైంది. నేను బ్యాగును పొట్టకి అదుముకుని ఉన్నాను. సెల్వం నా భుజం మీద చెయ్యి వేసి "ఒణ్ణుమిల్లై సార్" అన్నాడు. ఏమీ కాదని.

గ్లైడర్ చక్రం గడ్డికి తగిలి, దొర్లి, నాకు యాభై గజాల దూరంలో ఆగింది. పరుగెత్తాను. అవును, పరుగే. మూత తెరిస్తే మాధవి కూర్చునే ఉంది, పట్టీలు విప్పుకోలేదు. జుట్టంతా రేగిపోయి, ముక్కు ఎర్రగా, కళ్ళు తడిగా ఉన్నాయి.

"ఏమండీ, పై నుంచి ఒక్క గుంటా కనపడలేదు" అంది.

పది నిమిషాల్లో వాన మొదలైంది. అందరం కలిసి గ్లైడర్లని షెడ్డులోకి తోశాం. నేనూ ఒక రెక్క పట్టాను. రేకుల మీద వాన చప్పుడుకి మాటలు వినపడని చోట కూర్చుని, పాపమ్మ పెట్టిన రాగిముద్ద, అనపగింజల పులుసు తిన్నాం. మాధవి రెండో ముద్ద అడిగి వేయించుకుంది. మనిషికి ఎనభై రూపాయలు. ఒక్కో ఫ్లైటుకి రెండున్నర వేలు, గాలి కుదరక ఎగరలేకపోతే తీసుకోరు. రేట్లు మారుతుంటాయి, వెళ్ళేముందు కనుక్కోండి. మూడున్నరకి వాన తగ్గాక బయల్దేరాం. చందాపుర దగ్గర నీళ్ళు నిలిచి గంటసేపు ఇరుక్కుపోయాం. "ఎట్ల ఉండాది సార్ పైన?" అని మునిరాజు అడిగితే, నేను నోరు తెరిచేలోపు మాధవి మొదలుపెట్టింది. హెచ్‌ఎస్‌ఆర్ చేరేదాకా, ఆరున్నర దాకా, ఆపలేదు. వాళ్ళ చామంతి తోట పైనుంచి ఎలా ఉంటుందో కూడా ఆయనకి చెప్పింది.

ఆ రోజు నా చేతుల్లో ఉన్నవి చాలా తక్కువ. గాలి నాది కాదు, ఎండ నాది కాదు, నేల ఎప్పుడు ఆరాలో నేను చెప్పలేను. నేను చెయ్యగలిగిందల్లా వెళ్ళి కూర్చోవడం, అడిగినప్పుడు నిజం చెప్పడం. మిగతాదంతా ఎవరో ఒకరు ఇచ్చిందే. నంబరు ఇచ్చిన నఫీసా గారు, ఎందుకని అడక్కుండా రెక్కలు సరిచేసిన యూసుఫ్ గారు, చోటు చూపించిన ఆ గద్దలు, భుజం మీద చెయ్యి వేసిన సెల్వం. నా జబ్బుని నాతో సమానంగా మోసి, తన వంతు గురించి ఆ రోజు దాకా ఒక్క మాటా అనని మనిషి గురించి ఇక్కడ ఎంత రాసినా తక్కువే. ఆమెకి ఆ ఇరవై నిమిషాలు నేనిచ్చినవి కావు. యూసుఫ్ గారు అడిగారు కాబట్టి దొరికాయి. నేనే అడిగి ఉండాల్సింది.

అందుకని ఒక్క సలహా. బుక్ చేసుకునేటప్పుడు రెండో స్లాటు కూడా చెప్పి ఉంచండి, మీతో వచ్చేవాళ్ళ బరువు కూడా ముందే చెప్పండి, సీటుకి బరువు హద్దు ఉంటుంది. వాళ్ళు కిందనే ఉంటామంటారు. అయినా చెప్పి ఉంచండి.